రేకుకెన్ని గుంటలు

కోత 9వ రోజు

నా నోట్లో చేదు చచ్చిపోయింది.

పొద్దున్న ఆరున్నరకి గంజినీళ్లతో పుక్కిలించి, రోజూలాగే కొలత వేరు ముక్క నాలుక వెనక పెట్టుకున్నాను. కొలత వేరంటే, మా మందు పరీక్ష స్టేషన్ తెరిచినప్పటి నుంచి గాజుసీసాలో దాచి ఉంచిన అసలు వేరు. ముందు దాన్ని నాలుకకి చూపించి, ఆ తర్వాతే కట్టలు పరీక్ష చెయ్యాలి. పదకొండేళ్లుగా అది తగలగానే నా మొహం దానంతటదే వంకర్లు పోయేది. ఇవాళ అట్టముక్క నమిలినట్టుంది. ఇంకో ముక్క పెట్టుకున్నాను. అదీ అంతే.

ఎదురు బల్ల దగ్గర తవిటయ్య మాస్టారు నన్నే చూస్తున్నారు. చేదు చూసి చెప్పే మా ఇద్దరిలో ఆయన సీనియర్ చేదరి, నేను జూనియర్ చేదరిని. ఏడో మెట్ట మీద ప్రభుత్వం ఒప్పుకున్న నాలుకలు ఈ రెండే. చూస్తున్నారు కదా అని మొహం వంకర పెట్టాను. ఆయనా పెట్టారు. పని మొదలైంది.

పని చెప్పుకోడానికి చాలా తేలిక. కొండ మీద కోసి, రాత్రికి రాత్రి పొయ్యి సెగకి ఎండబెట్టిన నేలచేదు కట్టలు వస్తాయి. కట్టకో రెమ్మ తీసి నమిలి ఉమ్మాలి. చేదు నాలుక వెనక నుంచి చెవుల దాకా పాకితే మందు మొక్క, పాస్. పాకకపోతే అది చప్పిడి మొక్క, ఫెయిల్. రెండూ ఒకే ప్రజాతి, పక్కపక్కన పెడితే కవలపిల్లల్లా ఉంటాయి, కానీ చప్పిడిదాంట్లో మందు ఉండదు. ఇవాళ ఎనిమిది కట్టలొచ్చాయి. ఎనిమిదీ పాస్ అన్నాను. ఇంకేమనను?

ఎందుకు పోయిందో నాకు తెలుసు. కిందటి వారం రెండు రోజులు వణికాను. పొట్ట పాడైందని అందరికీ చెప్పాను. తిరగజ్వరం వంట్లోకి రాగానే చేసే మొదటి పని చేదుని తినెయ్యడం. ఆ జ్వరం నాలుగు రోజులకోసారి తిరిగొస్తుంది. రెండు విడతలు మనిషిని పిప్పి చేస్తుంది, మూడో విడత తీసుకుపోతుంది. మధ్యలో నేలచేదు కషాయం పడితే మూడోది రాదు. నా దగ్గర కషాయం ఉంది కనక నాకు మొదటి విడతతోనే ఆగిపోయింది. కానీ పోయిన చేదు ఎవరికీ తిరిగి రాలేదు, నాకూ రాదు.

నాలుక పోయిన చేదరిని ఆ వారమే దిగువకి దించేస్తారు. జంట విడిపోతే స్టేషన్ మూతపడి మందు ఆగిపోతుంది. అందుకే ఎవరికీ చెప్పలేదని రాసుకుంటే ఈ పేజీ ముచ్చటగా ఉంటుంది. నిజమేమిటంటే నాకు గర్వం. ఎర్నమ్మ నాలుక తప్పు పోదని దిగువన నాలుగు ఊళ్లు నా గురించి చెప్పుకుంటాయి. ఆ మాట పోగొట్టుకోలేకపోయాను.

కోత 10వ రోజు

రాత్రంతా ఆలోచిస్తే ఉపాయం దొరికింది. మాస్టారిని ముందు చెప్పమంటాను, ఆయన ఏదంటే నేనూ అదే అంటాను. ఇంత చిన్న విషయానికా నిన్నంతా భయపడ్డానని నవ్వొచ్చింది కూడా.

నిబంధన ప్రకారమైతే ఇద్దరం విడివిడిగా నమిలి, విడివిడిగా చీటీ రాసి పెట్టెలో వెయ్యాలి. మా స్టేషన్‌లో అలా ఎన్నడూ జరగలేదు. చిన్నవాళ్లు ముందు చెప్పాలి, పెద్దవాళ్లు దిద్దాలి, చీటీలు ఆ తర్వాతే రాయాలి. ఇది ఇక్కడి మర్యాద. నేను చేరిన మొదటి రెండేళ్లూ మాస్టారు నన్ను తెగ దిద్దారు. ఆ తర్వాత ఒక్కసారీ దిద్దలేదు. నా నాలుక అంత పదునెక్కిందని మురిసిపోయేదాన్ని.

మొదటి రెమ్మ ఇద్దరం నమిలాం.

“మాస్టారూ, ఇవాళ మీరు ముందు చెప్పండి. నాకు గొంతు బాగోలేదు.”

“గొంతుకీ నాలిక్కీ ఏటమ్మీ సమ్మందం? నువ్వు సెప్పు, నాను సరిసూస్తాను.”

“ఒక్కరోజుకే కదా.”

“పద్ధతంటే పద్ధతే.”

ఇద్దరం నోట్లో రెమ్మలు పెట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం. గోడ గడియారం ముల్లు కదులుతోంది. ఆయన రెమ్మని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చారు. నేనూ మార్చాను.

“ఏటి, సప్పగుందా?” అన్నారు చివరికి.

“మీకెలా ఉంది?”

“నీకెలగుందో సెప్పు ముందల.”

ఇది తెమిలేలా లేదని “పాస్” అన్నాను. “అదే! నానూ అదే అనుకున్నాను,” అని ఆయన అంత పెద్ద ఊపిరి వదిలారు. నా గొంతు మీద జాలి కాబోలనుకున్నాను.

పోన్లే, ఇదీ మంచిదే అని సర్దుకున్నాను. నేను నోటికొచ్చింది చెప్పినా తప్పయితే ఆయన దిద్దుతారు. దిద్దలేదంటే ఒప్పే. తొమ్మిది కట్టలు పాస్.

కోత 13వ రోజు

తాళ్ల మీద నడిచే మా రోప్‌వే పెట్టె నాలుగు రోజులకోసారి దిగువకి వెళుతుంది. ఇవాళ 31 నుంచి 34 దాకా నాలుగు లాట్లూ అందులో పోయాయి. అంటే నా నాలుక పోయాక పాసైన సరుకే.

మధ్యాహ్నం వైర్‌లెస్‌లో అసిరప్ప మాట్లాడింది. అసిరమ్మ నాకు సొంత అక్క, మా వైపు అప్ప అంటాం, మూడేళ్లు పెద్దది. దిగువ రోప్‌వే షెడ్డులో జ్వరం శిబిరం నడుపుతోంది. ఇప్పుడు అక్కడ రెండు వందల నలభై మంది ఉన్నారు.

“పెట్టె దిగినాదే. మంచి సమయానికి పంపినావు. సగం మందికి రెండో ఇడత నడస్తంది. నాలుగు దినాల్లో మూడోది తగులుకుంటాది. ఇప్పుడే గంగాళం ఎక్కించీసినాం.”

“నువ్వు జాగ్రత్తప్పా.”

“నాకేటవుతాది? గంగాళం దిగ్గానే మొదటి గ్లాసు నాదే గదా. నాను తాగితే గాని జనం తాగరు.”

ఆపమని చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. నేను చెప్పలేదు. మాస్టారు సరిచూశారు కదా అని నాకు నేనే రెండుసార్లు చెప్పుకున్నాను.

కోత 14వ రోజు

కొర్రా బుద్రి మా కోతవాళ్లకి పెద్ద. యాభై ఏళ్లుంటాయి, కొండ మీద ఏ బండ కింద ఏముందో చెప్పగలదు. కానీ కోతవాళ్లు మొక్క గురించి నోరు విప్పకూడదని నిబంధన. అందుకని నేనూ ఎప్పుడూ అడగలేదు. ఇవాళ ఆమె కట్టలు దించుతూ సంజాయిషీ మొదలుపెట్టింది.

“సేదరమ్మా, రెండు కట్టలు తగ్గుతాయి. నన్ననొద్దు. మా మేకలు తినీసినాయి.”

“మేకలా? నేలచేదునా?”

“ఆ. ఎన్నడూ మూతెట్టవు. ఈసారి పంచభచ్చాల్లాగ తినీసినాయి. కొన్ని పుల్లలు మాత్రం వొగ్గీసినాయి.”

కట్టలు లెక్కపెట్టడం ఆపేశాను. “ఈసారి ఎక్కడ కోశారు బుద్రీ?”

“ఎనిమిదో దినం వానకి పైబండ జారిపోనాది గదా. అప్పట్నించీ ఊటగెడ్డ పక్కన కోస్తన్నాం. అక్కడ గుంపులు గుంపులుగుంది.”

ఎనిమిదో రోజు వాన. తొమ్మిదో రోజు నుంచి ఊటగెడ్డ సరుకు. తొమ్మిదో రోజు నుంచే నా నాలుకా లేదు.

మేము పాస్ చేసి పక్కన పెట్టిన కట్టొకటి చంకలో పెట్టుకుని బుద్రి మేకల దొడ్డికి పోయాను. కట్ట విప్పి వేశాను. సగానికి సగం కరకరా నమిలేశాయి, మిగతా సగం మూతితో తోసేశాయి. అంటే కట్ట మొత్తం ఒకే జాతి కాదు, మొక్క పక్కన మొక్కగా కలిసిపోయి ఉన్నాయి. కట్టకో రెమ్మ నమిలే మా పరీక్షకి నాలుకలు బాగున్నా ఇది సరిగ్గా దొరికేది కాదు. ఇంకో కట్ట వేసి వేరు చేయిద్దామనుకున్నాను. ఈలోగా మేకలు వెనక్కి తిరిగి, తోసేసిన వాటిని కూడా లాగించేశాయి. మేక నాలుక మంచిదే, కానీ అది సాక్ష్యాన్ని మింగేసి వెళ్లిపోతుంది.

అయితే మరి మాస్టారి నాలుకకి ఏమైంది? ఆయన ఆరు రోజులుగా వీటినే నమిలి “అదే నానూ అనుకున్నాను” అంటున్నారు.

కోత 15వ రోజు

కొలత వేరు ముక్కకి బదులు ఆయన గిన్నెలో ఎండిన బెండకాయ కాడ ముక్క వేశాను. రంగు ఒకటే.

మాస్టారు దాన్ని నాలుక వెనక పెట్టుకున్నారు. మొహమంతా ముడుచుకుపోయింది. కళ్లలో నీళ్లు కూడా తెప్పించుకున్నారు. “అబ్బ, ఇయ్యాల మరీ ఘాటుగుందమ్మీ,” అన్నారు.

“అది బెండకాయ కాడ, మాస్టారూ.”

ఆయన నమలడం ఆపేశారు. కళ్లజోడు తీసి పంచె చెంగుతో చాలాసేపు తుడిచారు.

“తొమ్మిదేళ్లయినాదమ్మీ,” అన్నారు.

“తొమ్మిదేళ్లా!”

“నీ నాలిక ఉంది గదా అనీసి ధీమా. నాకంటే మంచి నాలిక. నాను దిగిపోతే ఇంకో పెద్ద సేదరిని ఏస్తారు, ఆడెలాటోడో అనుకున్నాను. అదొకటీ... దిగిపోడానికి మొగమూ సెల్లలేదు.”

“నా నాలుకా పోయింది. తొమ్మిదో రోజున.”

ఆయన చెయ్యి నెత్తి మీదికి పోయింది. “ఐతే ఈ వారం దినాలూ ఎవులు సూసినట్టు?”

“ఎవరూ చూడలేదు.”

నేను అరిచాను. ఏమన్నానో ఇక్కడ రాయను. పెద్దాయన్ని అనకూడనివన్నీ అన్నాను, అందులో చాలా మాటలు నాకూ తగులుతాయని అంటున్నప్పుడే తెలుసు. నేను ఆయాసపడి ఆగాక ఆయన లేచి, గోడ బీరువా సీలు చింపి తలుపు తీశారు.

అందులో ఏముంటుందో ఇన్నేళ్లూ నాకు తెలియదు. పాత అట్టలు. ఒక్కో అట్ట మీద అదిమి ఎండబెట్టిన మొక్క ఒకటి, కింద చేత్తో రాసిన వివరాలు. పైన ఒక భూతద్దం, రెండు సూదులు.

“కంటితో మొక్కకి పేరు పెడితే జైలు, మాస్టారూ.”

“తెలుసు. మా గురువు గారు జైల్లోనే పోయినారు.”

ఆ చట్టం ఊరికే రాలేదు. మా అమ్మమ్మ కాలంలో జనం మొక్కని తెరకి చూపిస్తే తెర పేరు చెప్పేదట. ఎవరికి వారు ఫొటోలు ఎక్కించి, తోచిన పేరు పెట్టేవారు. ఎక్కువమంది ఏ పేరంటే తెరకి అదే సరైన పేరు. అలా తాగి ఒక్క వానాకాలంలో వేలమంది పోయారు. అప్పట్నుంచి కన్ను దొంగ, నాలుకే సాక్షి.

“ఆ తెర ఎప్పుడైనా పువ్వుని ఇప్పి సూసినాదేటి?” అన్నారు మాస్టారు. “పైనుంచి ఒక్క సూపు సూసీసి పేరెట్టీసినాది. కూకో.”

వేణ్నీళ్ల గిన్నెలో మేము పాస్ చేసిన కట్టలోని ఎండుపువ్వు ఒకటి వేశారు. అయిదు నిమిషాల్లో అది మెత్తబడి, నిన్ననే పూసినట్టు లేచింది. పాలిపోయిన ఊదారంగు, అయిదు రేకులు. సూదులతో విప్పి అద్దం నా చేతికిచ్చారు.

నాలుగు పలకల కాడ, ఎదురెదురుగా కాడలేని ఆకులు, ఆకు అడుగు నుంచి మూడు ఈనెలు, మొగ్గలో ఒకదాన్నొకటి చుట్టుకునే రేకులు. ఇవన్నీ నాకు తెలిసినవే, ఇవన్నీ రెండు జాతులకీ ఉన్నాయి. ఇవి నేలచేదు ప్రజాతి మొత్తానికీ గుర్తులు, జెన్షియన్ కుటుంబంలో దాని చుట్టాలకి కూడా చాలావరకు ఇవే. జాతి తేడా అంతా రేకు అడుగున ఉంది. అక్కడ తేనె ఊరే చిన్న గుంట ఉంటుంది, ఆవగింజలో సగం. మందు మొక్కకి రేకుకి ఒకటే గుంట, దాని అంచు చుట్టూ కనురెప్ప వెంట్రుకల్లాంటి నూగు. చప్పిడిదానికి రేకుకి రెండు గుంటలు పక్కపక్కన, నూగు లేదు.

నేను అద్దంలో చూసి “ఒకటే గుంట, మందే,” అన్నాను.

“ఎన్ని రేకులు సూసినావు?”

“ఒకటి.”

“అయిదూ సూడు.”

రెండో రేకుకి రెండు గుంటలున్నాయి. నేను మొదట చూసిన రేకు నలిగి, రెండూ ఒకటిగా అతుక్కుపోయింది. మిగతా మూడూ చూసి, చప్పిడి అన్నాను.

పన్నెండింటికి వైర్‌లెస్ తెరిచాను. వైర్‌లెస్ మాటలన్నీ ప్రభుత్వ కంట్రోల్ గది వింటుందని తెలిసే తెరిచాను.

“అప్పా, 31 నుంచి 34 లాట్లు ఆపెయ్. గంగాళం కూడా పారబొయ్యి.”

“ఏటే, ఏటయినాది?”

“అందులో చప్పిడి కలిసింది. నా నాలుక పోయిందప్పా. వారమైంది. మాస్టారిది ఎప్పుడో పోయింది. ఎవరూ చూడకుండా పంపాం.”

పెట్టేసిందనుకున్నాను.

“మొన్న మొదటి గ్లాసు నానే తాగినాను గదా,” అంది చివరికి. “పల్సగుంది. ఎప్పుడూ ఉన్నంత సేదు నేదు. వొంటోళ్లు కూడా అన్నారు, ఇదేటి ఇలగుందనీసి. మా సెల్లి నాలిక సూసి పంపినాది, నోర్మూసుకుని తాగండని కసిరీసినాను.”

ఆ నాలుగు లాట్ల చీటీల మీద పాస్ కొట్టేశాను.

“నా నోటి కంటే నీ నోరే నమ్మినానే. అదలగుండనీ. నాకూ నిన్నట్నించి వొణుకు.”

అరగంట తర్వాత కంట్రోల్ గది నుంచి ఆర్డరు వచ్చింది. స్టేషన్ మూసివేత. కొత్త జంట వచ్చేదాకా, అంటే పదకొండు రోజులు, ఒక్క పుల్ల కూడా రోప్‌వే ఎక్కకూడదు. కంటి గుర్తింపు జరిగినట్టు తెలిస్తే కఠిన చర్య.

అప్పకి నిన్న మొదటి విడత. పద్దెనిమిదిన రెండోది. ఇరవై రెండున మూడోది.

కోత 16వ రోజు

మా దగ్గర మిగిలిన కట్టల్లో 612 మొక్కలున్నాయి. నిన్న మధ్యాహ్నం నుంచి ఇవాళ పదింటి దాకా మాస్టారు, బుద్రి, నేను కూర్చుని ఒక్కో మొక్కకి ఒక్కో పువ్వు నానబెట్టి, అయిదేసి రేకులూ చూశాం. ఒకరు చూసింది రెండోవాళ్లు చూడాలి, ఎవరు ఏమన్నారో బయటికి చెప్పకూడదు, చీటీ రాసి వెయ్యాలి. రాయడం రాని బుద్రి చీటీ మీద చుక్కలు పెట్టింది. ఈ స్టేషన్‌లో నిబంధన సరిగ్గా పాటించడం ఇదే మొదటిసారి, అదీ నేరం చేస్తున్నప్పుడు.

మంచివి 374. చప్పిడివి 209. పువ్వు రాలిపోయి గుర్తు దొరకనివి 29. వాటి ఆకులూ కాడలూ ఎంత తిప్పి చూసినా ఏమీ తేలలేదు. 29 మొక్కలంటే పదిమందికి మందు. బుద్రి వాటిని పట్టుకుని నా వంక చూసింది. అవతల పారేశాను.

కాలిదారిన దిగువకి రోజున్నర. 374 మొక్కలూ రెండు మూటలయ్యాయి. బుద్రికొకటి, నాకొకటి.

“కంట్రోల్ వాళ్లు వస్తే?” అన్నాను.

“బీరువా సీలు నాను సింపినాను. పువ్వులు నాను నానబెట్టినాను. నీకేటీ తెల్దు,” అన్నారు మాస్టారు.

“నేనొప్పుకోను.”

“తరవాత దెబ్బలాడదాంలే. ఎల్లు ముందల.”

నాకింకా కోపం పోలేదు, ఆయనకీ ఆ సంగతి తెలుసు. వెళ్లొస్తానని కూడా అనలేదు. మూట మాత్రం ఆయనే ఎత్తి నా భుజాన పెట్టారు. ఆ చేతులు అంత సన్నబడ్డాయని ఇన్నాళ్లూ గమనించలేదు.

కోత 17వ రోజు

ఎండ తగ్గే వేళకి రోప్‌వే షెడ్డు చేరాం. నన్ను చూసి ఎవరూ పలకరించలేదు. షెడ్డు వెనక పదకొండు కొత్త మట్టిగుట్టలున్నాయి. మూడో విడత కొందరికి ఒకరోజు ముందే వచ్చేసింది. బుద్రి నా మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

అప్ప నులకమంచం మీద లేచి కూర్చుంది. వణుకు తగ్గింది, మొహం పీక్కుపోయింది. “పొయ్యి ముట్టించండ్రా,” అని కేకేసింది.

కషాయం తెర్లి, గంగాళం దిగింది. జనం చుట్టూ చేరారు కానీ ఒక్కరూ గ్లాసు పట్టలేదు. ముందు వరసలో నిలబడ్డ ముసలాయన అడిగాడు, “ఎవులు రుచి సూసినారు?”

“ఎవరూ చూడలేదు,” అన్నాను. “నా నాలుక పోయింది. ఒక్కో పువ్వూ విప్పి కంటితో చూశాం.”

గుంపు వెనక్కి జరిగింది. “కంటితోనా? మా తాత కంటితో సూసిందే తాగి సచ్చినాడు,” అన్నాడాయన. వంటామె వేలు ముంచి నాకి “సేదుగానే ఉంది” అంది. “మొన్న కూడా ఉంది గదా సేదు, కూసింత,” అని ఎవరో అన్నారు. అదీ నిజమే. సగం చప్పిడి కలిసినా చేదు ఎంతో కొంత ఉంటుంది.

అప్ప చెయ్యి చాపి గ్లాసు అందుకుంది.

“నాకిప్పుడు సేదు తెల్దు,” అంది మెల్లగా, నాకొక్కదానికే వినపడేలా. “నీకూ తెల్దు. మరి ఎలగే?”

“రేకుకి ఒకటే గుంట అప్పా. అయిదు రేకులూ చూశాను. అనుమానం ఉన్నది ఒక్కటీ తేలేదు.”

“అన్నీ సూసినావా?”

“మూడు వందల డెబ్బై నాలుగూ.”

గటగటా తాగేసింది. ఖాళీ గ్లాసు తిరగేసి జనానికి చూపించింది. “నాకు మూడోది ఇరవై రెండున రావాల. అప్పుటిదాకా ఆగగలిగినోళ్లు ఆగండి. ఆగలేనోళ్లు గ్లాసులట్టుకు రండి.”

మొదట ఎవరూ కదల్లేదు. తర్వాత చంకలో పిల్లనెత్తుకుని ఒక మనిషి వచ్చింది. ఆమె వెనక ఇంకొకరు. చీకటి పడేలోగా గంగాళం ఖాళీ అయింది. నేను గోడ వారన కూర్చుని పెద్దగా ఏడ్చాను. ఎవరూ ఓదార్చలేదు, ఓదార్చాలని నేనూ కోరుకోలేదు.

కోత 23వ రోజు

అప్పకి పద్దెనిమిదిన రెండోది వచ్చి పోయింది. నిన్నంతా ఆమె పక్కనే కూర్చుని గంటగంటకీ నుదురు పట్టుకు చూశాను. మధ్యాహ్నానికి విసుక్కుంది. “ఏటే అలగ సూస్తావు? నానేటి పువ్వునా?” అంది. సాయంత్రానికి గంజి అడిగింది. ఇవాళ పొద్దున్న లేచి వంటవాళ్ల మీద కేకలేస్తోంది. మూడోది రాలేదు.

నేను పంపిన నాలుగు లాట్లూ తాగి పోయినవాళ్లు, ఆ తర్వాత మా కషాయం ముట్టని ఎనిమిది మందితో కలిపి, మొత్తం పంతొమ్మిది మంది. మేము మోసుకొచ్చినది తాగాక ఒక్కరూ పోలేదు. ఈ రెండు అంకెలనీ ఎలా కూడాలో, తీసెయ్యాలో నాకు తెలియదు. రేపు కంట్రోల్ మనుషులు నన్ను తీసుకెళ్లడానికి వస్తారు. పైన మాస్టారిని మొన్ననే తీసుకెళ్లారని బుద్రి కబురు తెచ్చింది. దానితో పాటు ఇంకో మూట తెచ్చింది. కోసింది కోసినట్టే ఉంది, ఏరలేదు.

షెడ్డు గుమ్మంలో పీట వేసుకుని, నీళ్లగిన్నె పెట్టుకుని, ఆ మూట ముందేసుకుని కూర్చున్నాను. కాసేపటికి ఒకామె వచ్చి ఎదురుగా నిలబడింది. పేరు సూరమ్మ. రోప్‌వే తాళ్లకి గ్రీజు పూసే లచ్చుమయ్య భార్య. వెనకనున్న గుట్టల్లో మూడోది లచ్చుమయ్యది. ఇన్ని రోజులూ ఆమె నావైపు చూడలేదు.

“అదేటో నాకు సూపించు,” అంది.

పువ్వు విప్పి అద్దం ఇచ్చాను. ఎలా పట్టుకోవాలో చూపించాను. ఆమె ఊపిరి బిగబట్టి చూసింది.

“ఒకటుంది. సుట్టూ బొచ్చు.”

“అది మంచిది.”

“మాయన తాగిందాన్లోది సూపించు.”

ఆ లాట్లలో పారబొయ్యగా మిగిలిన పుల్లలు కొన్ని శిబిరంలోనే ఉన్నాయి. లేవని చెప్పొచ్చు, ఆమెకి తెలియదు. వెళ్లి ఒకటి తెచ్చాను. పువ్వు నీళ్లలో వేశాను. అయిదు నిమిషాలకి అది విచ్చుకుంది. నేనే సూదులతో విప్పాను.

ఆమె ఒక్కో రేకూ వేలితో లెక్కపెట్టుకుంటూ అయిదూ చూసింది. ఆమెకి అలా చూడమని నేను చెప్పలేదు.

“రెండు,” అంది.

“రెండు,” అన్నాను.

ఆమె అద్దం నాకు తిరిగి ఇవ్వలేదు. నా ఎదురుగా కింద చతికిలబడి, బుద్రి తెచ్చిన మూటలోంచి ఒక మొక్క లాగి, పువ్వు తుంచి నీళ్లలో వేసింది.